చైన్ చప్పుడు

మంగళవారం, అల్ రాయ్

సబా అల్ సలేం పేటలో ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరుగా చేసే రమణయ్య ఈరోజు వాళ్ల యజమానురాలి చిన్న కారును మా గ్యారేజీకి తెచ్చాడు. పన్నెండు వందల సీసీ పెట్రోలు ఇంజను. ఆయిల్ వేళకు మార్చకపోతే వీటిలో వాల్వులను నడిపే టైమింగ్ చైన్ సాగిపోతుంది.

"పొద్దున స్టార్ట్ చేస్తానే గలగలమంటాండాది అన్నా" అన్నాడు.

ఎప్పటిలాగే పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. ఏ తేడా చప్పుడూ లేదు. "బాగుంది, యల్లా, ఇంక పద, తీసుకపో" అన్నాను.

పక్క కారు దగ్గర పనిచేస్తున్న బాషా లేచి వచ్చాడు. "చైన్ అట్లా మోగతాంటే నీకు ఇనపల్లేదా అన్నా?"

విప్పి చూస్తే చైన్ వదులై కవరును ఒరుసుకుంటోంది. అలాగే నడిపితే ఏదో ఒకరోజు వాల్వులు వంగి ఇంజను ఖలాస్ అయ్యేది. ఇరవై ఏళ్లుగా ఈ చెవితోనే అన్నం తింటున్నాను. నాకు వినపడలేదని బాషా ఎవరికీ చెప్పనన్నాడు. ఎన్నాళ్లు చెప్పకుండా ఉంటాడు...

కొన్ని నెలలుగా ఫోనులో మా ఆవిడను "గొణుగుతావేంది, గట్టిగా మాట్లాడు" అని కసురుకుంటున్నాను. "అరుస్తానే ఉండా కదా" అని మొన్న ఏడ్చింది.

ఆమె ఫోను పాడైందనుకుని కొత్తది కొని పంపాను.