నేను లేదన్న మనిషి

మంగంపేట.

సర్వే మేడమ్ గారికి నమస్కారం.

మొన్న మీరు మా ఇంటికొచ్చి, "కోపమొస్తే బిడ్డను కాసేపు అప్పజెప్పేదానికి ఎవరన్నా ఉండారా?" అని అడిగారు. లేరన్నాను. మీరు సున్నా వేసుకున్నారు. అది అబద్ధం.

ముగ్గురాళ్ల గనిలో నా పని పోయిన రోజు, అన్నం పారబోసిందని పాపను గరిటెతో కొట్టాను. పక్కింటి గుల్జార్ బీ పరుగున వచ్చి పాపను చంకనేసుకుంది. "నీ కోపం తగ్గినాంక వచ్చి పిల్చుకపో. అంతదాంక ఈడ బిడ్డ లేదనుకో" అంది. అప్పటినుంచి కోపం వచ్చేలా ఉంటే నేనే పాపను ఆమె దగ్గర వదులుతున్నాను.

ఆమె పేరు చెబితే గరిటె సంగతీ చెప్పాలని దాచాను. ఇప్పుడు రెండూ రాసుకోండి.

మీరు అడిగినప్పుడు పాప ఆమె ఇంటివైపు వేలు చూపింది. నేనే ఆ చెయ్యి కిందికి దించాను.

ఇట్లు,
పాప వాళ్లమ్మ