బురదలో మంచు

ఫిబ్రవరి 9

ఓడ మీంచి డ్రిల్ చేసిన రెండో హోల్ కూడా ఉత్తదే. సముద్రం అడుగు నుంచి గొట్టం నిండా బురద వచ్చింది. ఇంతకన్నా మంచి బురద మా వీధి డ్రెయిన్లో ఉంటుంది.

ఫిబ్రవరి 10

ఇంతకీ నువ్వు వెతికేదేమిటని మా ఆయన శాటిలైట్ ఫోన్లో అడిగాడు. పెళ్లయిన ఇన్నేళ్లకి! ఓపిగ్గా చెప్పాను. అడుగున బురదలో గ్యాసూ నీళ్లూ కలిసి మంచులా గడ్డకడతాయి. పేరు గ్యాస్ హైడ్రేట్. అక్కడి చలి, పైనున్న నీళ్ల ఒత్తిడి ఉన్నంతసేపే అది మంచు. పైకి తెస్తుంటే కరిగిపోతుంది, గ్యాస్ ఎగిరిపోతుంది.

అయితే దొరికినా దొరకనట్టేగా అన్నాడు. ఫోన్ పెట్టేశాను. నిజం చెప్తే మరీ ఒళ్లు మండుతుంది.

సముద్రం అడుగు పొరల సీస్మిక్ చిత్రంలో గీత చూపించి, ఇక్కడే ఉందని అందరి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నేనే. ఈ ట్రిప్పులో దొరక్కపోతే మా యూనిట్ మూసేస్తారు. నన్ను పర్మిట్ల సెక్షన్‌కి తోస్తారు. జీవితాంతం స్టాంపులు గుద్దుకుంటూ కూర్చోవాలి. తలుచుకుంటేనే ఏడుపొస్తోంది.

ఫిబ్రవరి 12, మధ్యాహ్నం

పరువు గంగలో కలిసింది.

మూడో హోల్ కోర్, అంటే గొట్టంలో వచ్చే బురద కడ్డీ, పైకి రాగానే థర్మల్ కెమెరాతో గొట్టమంతా చూశాను. హైడ్రేట్ కరిగే చోట గొట్టం చల్లబడుతుంది, తెరమీద నీలంగా కనిపిస్తుంది. ఒకచోట కనిపించింది. ముదురు నీలం! దొరికిందని అరిచాను. డెక్కంతా పరుగెత్తుకొచ్చింది.

అది మా డ్రిల్లర్ తన జ్యూస్ డబ్బా ఆనించిన చోటు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీశాట్ట. పెద్దాయన, అంటే మా చీఫ్, ఏమ్మా ఇది ఆరెంజ్ హైడ్రేటా అన్నాడు. నవ్వనివాడు పాపాత్ముడు.

ఫిబ్రవరి 12, సాయంత్రం

కేబిన్లోంచి రాను. ఏ మొహం పెట్టుకుని వస్తాను?

ఫిబ్రవరి 13

ఊరికే కూర్చోలేక ఆ మూడో కోర్ బురదనే ముక్కముక్కగా పిండి, నీళ్లు పరీక్షించాను. అన్నీ సముద్రమంత ఉప్పగా ఉన్నాయి, ఒక్క లోతులో తప్ప. అక్కడ ఉప్పు సగానికి పడిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే.

హైడ్రేట్ గడ్డకట్టేటప్పుడు ఉప్పుని బయటికి నెట్టేస్తుంది. కరిగితే మంచినీళ్లు మిగులుతాయి. అంటే అది అక్కడ ఉంది! దారిలో కరిగిపోయింది, అంతే!

పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను. శాంపిల్లో మామూలు నీళ్లు కలిసి ఉంటాయిలేమ్మా, రేపు మధ్యాహ్నానికి వాతావరణం పాడవుతుంది, వెళ్లిపోదాం అన్నాడు. ప్రెషర్ గొట్టం ఒక్కసారి దింపండి సార్ అని బతిమాలాను. అడుగునున్న ఒత్తిడి తగ్గకుండా అక్కడే మూత పడి పైకొచ్చే గొట్టమది. ఆయన పక్కనే ఉన్న డ్రిల్లర్ వంక చూశాడు. అతన్ని మేం వద్దుబాబాయ్ అంటాం, నోరు తెరిస్తే ముందొచ్చే మాట అదే కాబట్టి. ఆ గొట్టం మూత సరిగా పడదని వారం నుంచీ సణుగుతున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

డబ్బాతో పిల్ల పరువు తీశాను సార్, పొద్దున్నే ఒక్కసారి దింపుదాం అన్నాడు. కాళ్లమీద పడబోయాను. వద్దు వద్దు అన్నాడు.

ఫిబ్రవరి 14, ఉదయం

మూత పడింది! గొట్టం పైకొచ్చింది, లోపల ఒత్తిడి చెక్కుచెదరలేదు. ఇప్పుడు వాల్వ్ కొంచెం తీసి గ్యాస్ వదలాలి. ఉత్త బురదైతే ఒత్తిడి పడిపోయి అక్కడే ఉండిపోతుంది. లోపల హైడ్రేట్ ఉంటే అది కరుగుతూ కొత్త గ్యాస్ ఇస్తుంది, వాల్వ్ మూయగానే ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. రాత చూడు, కోడి గీకినట్టుంది.

ఫిబ్రవరి 14, కాసేపటికి

వాల్వ్ తీశాం. ఒత్తిడి చూపే గేజ్ సూది దిగింది. మూశాం. లేచింది.

గేజ్ చెడిందని వద్దుబాబాయ్ గేజ్ మార్చాడు. తీశాం. దిగింది. మూశాం. లేచింది.

పెద్దాయన కుర్చీ లాక్కుని సూది ముందు కూర్చున్నాడు. కాస్త టీ తెచ్చిపెట్టమ్మా అన్నాడు. నేను కదల్లేదు. మీరే తెచ్చుకోండి సార్, నేను చూడాలి అన్నాను.

ఆయనా కదల్లేదు.