మంగళవారం పడవ

జనవరి 6, శుక్రవారం

చెల్లెలి కూతురు అరాబా టకొరాడి పట్నం నుంచి కెమెరాతో దిగింది. మా ఆయన కొబినా పిలిపించాడు. కాలు పడిపోయాక ఇక సముద్రం మీదికి వెళ్లలేడు, పడవ అమ్మేశాం. కొన్నవాళ్లు బుధవారం తీసుకెళ్తారు. ఈలోగా ఒక్క ఫొటో కావాలన్నాడు. వెనక లైట్‌హౌస్, దాని మీదికి దిగే సూర్యుడు, ముందు పడవ, పడవలో తను.

అరాబా సెల్‌లో ఏదో యాప్ తెరిచి గీతలు చూపించింది. మా ఒడ్డు నుంచి సూర్యుడు లైట్‌హౌస్ వెనక దిగేది ఆది, సోమ, మంగళవారాలేనట. తర్వాత పక్కకు జరిగిపోతాడట. మంగళవారం లెక్కలోంచి తీసెయ్ అన్నాను. ఆ రోజు సముద్రానికి సెలవు. మా తీరంలో ఏ పడవా నీళ్లు తాకదు.

జనవరి 8, ఆదివారం

సాయంత్రం చర్చిలో నిబంధన ఆరాధన. ఏడాదికోసారి దేవునికి మాట ఇచ్చే రోజు. మానలేనన్నాను. పెద్దమ్మా, దేవుడు ఎక్కడికీ పోడు, సూర్యుడే పోతాడు అంది అరాబా. ఆయన చర్చికి వేసుకునే చొక్కా ఇస్త్రీ చేయమన్నాడు.

పాట మధ్యలో కిటికీ వైపు చూశాను. ఆకాశం కడిగినట్టుంది.

జనవరి 9, సోమవారం

ఎడారి గాలి మొదలైంది. పడవ నీళ్లలో ఉంది, ఆయన పడవలో ఉన్నాడు. సూర్యుడు మాత్రం లైట్‌హౌస్‌ను చేరకముందే దుమ్ములో కలిసిపోయాడు. యాప్‌లో దుమ్ము లేదు.

జనవరి 10, మంగళవారం, ఉదయం

గాలి మారింది. ఆకాశం శుభ్రంగా ఉంది. పడవ ఒడ్డున ఉంది, కదలదు.

అరాబా జాలర్ల పెద్ద నానా అమిస్సా దగ్గరికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. వల వేయం, తెడ్డు వేయం, ఊరికే నీళ్లలో నిలబెడతాం అని బతిమాలింది. నానా పళ్లపుల్ల నములుతూ విన్నాడు. మంగళవారం పుట్టాడనే కదే మీ పెదనాన్నకి కొబినా అని పేరు పెట్టింది, ఆ పేరు పెట్టుకుని మంగళవారమే తప్పుతాడా, రేపు చేపలు మా మొహాన ఉమ్మేస్తాయి అన్నాడు. ఈ ఒడ్డున పుట్టినదానివి, నువ్వయినా చెప్పొద్దా అని నా మీద పడ్డాడు. ఆయన అడిగింది ఇదొక్కటే నానా అన్నాను.

నానా సముద్రం వైపు చూస్తూ, నీళ్లు తాకొద్దన్నాను గానీ ఇసుక మాట నేనెత్తలేదే అన్నాడు.

అదే రోజు, దీపాలు పెట్టాక

మంగళవారం మగవాళ్లంతా ఒడ్డునే వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. వేరే రోజు పిలిస్తే నలుగురు దొరకరు. నానా ఒక్క కేక వేశాడు. అందరూ లేచి వచ్చి, ఆయన కూర్చున్న పడవకు భుజాలు ఆనించారు, పాట అందుకున్నారు. కొబినా, దిగవయ్యా, నీ పొట్టే సగం బరువు అని ఒకడు అన్నాడు. దిగితే మళ్లీ ఎక్కించేదెవడ్రా, మీ అత్తా అన్నాడు ఆయన. కాలు పడిపోయాక ఆయన ఒకరిని ఆటపట్టించడం ఇదే మొదలు.

అరాబా ఇసుక గట్టు వెనక గొయ్యి తవ్వి బోర్లా పడుకుంది. ఎడమకి, ఇంకొంచెం, అయ్యయ్యో ఎక్కువైంది, వెనక్కి అని అరుస్తూనే ఉంది. సూర్యుడు దిగుతున్నాడు. పడవ ఆగింది. పాట కూడా ఆగింది.

నేను చూడలేదు. కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నాను.

జనవరి 11, బుధవారం

పడవ తీసుకెళ్లారు. ఆయన గుమ్మం దాకా రాలేదు.

జనవరి 20, శుక్రవారం

అరాబా ఫొటోకి ఫ్రేమ్ కట్టించి పంపింది. సూర్యుడు లైట్‌హౌస్ వెనకే ఉన్నాడు. ముందరి ఇసుక గట్టు నల్లగా, అలలాగా వచ్చింది. పడవ నిజంగా నీళ్ల మీద ఉన్నట్టే ఉంది. ఆయన చాలాసేపు చూశాడు. మంగళవారం పూట సముద్రం మీదికి పోయినట్టుందే అన్నాడు. ఏ రోజు తీసిందో ఫొటోకేం తెలుసు అన్నాను. ఆయన మంచానికి ఎదురుగా తగిలించాను.

జనవరి 24, మంగళవారం

ఫొటో మొహం గోడవైపు తిరిగి ఉంది. సరిచేయబోయాను. ఉండనీ, ఇవాళ సెలవు అన్నాడు.

జనవరి 25, బుధవారం

నేను లేచేసరికే, గోడ మీద పడవ నీళ్లలో ఉంది.