పడవంత పలక

ఇంటిదానికి రాసేది. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి, కంగారు పడకు. పన్నెండేళ్ల తర్వాత మళ్లీ అలలెక్కుదామని సర్ఫింగ్ పలకల కొట్టుకెళ్లాను. కొట్టువాడు పడవంత పలక చూపించి, "తాతా, నీకిదే నయం" అన్నాడు. ఒళ్లు మండి, నా పాతదానిలాంటి సన్నపలకే అద్దెకు తీసుకున్నా. నాలుగుసార్లు బోర్లాపడి కడుపునిండా ఉప్పునీళ్లు తాగా. నోరు మూసుకుని వెళ్లి ఆ పడవంతదే కొన్నా. రెండో అలకే లేచి నిలబడ్డానే! ఒడ్డుదాకా నిలబడే వచ్చా. కొట్టువాడు ఈలేశాడు. "ఈ వయసులో లేవలేవు" అన్నావు, ఇప్పుడేమంటావో రాయి.

మోకాలి పట్టీ పంపు, ఊరికే. నీళ్ల మోటారు బాగైందా? అటక మీది నా పాత పలక ఇన్నాళ్లూ నిన్ను తాకనివ్వలేదు కదా. ఇక దించి, నువ్వడిగినట్టే గిన్నెలు పెట్టుకునే బల్ల చేయించుకో. మనవరాలికి దీవెనలు. తాత నిలబడ్డాడని చెప్పు.