పదిహేడో నంబరు మందు కొట్టివేయుట గురించి

రాళ్ళవాగు పెంట,
నల్లమల.

మండల జీవవైవిధ్య రిజిస్టరు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ రిజిస్టరులో 17వ నంబరుగా నమోదైన పొడపత్రి తీగను, దాని ఎదుట వ్రాసిన పాముకాటు మందును కొట్టివేయుట గురించి.

రాళ్ళవాగు పెంట అనే చెంచుగూడెం కాపురస్తుడు, చెంచు, మాజీ అటవీ వాచరు, మందు తెలిసినవాడు అయిన కుడుముల బయ్యన్న అనే నేను వ్రాసుకున్నది ఏమనగా: (పదకొండేళ్ళు బేస్ క్యాంపులో రిపోర్టులు వ్రాసినవాడిని కనుక ఈ భాష నాకు వచ్చును. ఈ సంగతి ఇంకో విధంగా వ్రాయడం నాకు చేతకాదు.)

1. గత ఎండాకాలం తమరు మా పెంటకు వేంచేసి, మందు చెట్లన్నీ పుస్తకంలోకి ఎక్కాలని, లేకపోతే మాతోనే పోతాయని సెలవిచ్చితిరి. వెదురు పొదల మీద పాకిన పొడపత్రి తీగ దగ్గరకు తీసుకుపోయి నేను నాలుగు ఆకులు తమరి చేతికిచ్చితిని. తమరు అవి నమిలి, వెనువెంటనే బెల్లం ముక్క నోట్లో వేసుకుని, "ఏందయ్యా ఇది, ఇసుక నమిలినట్టుంది!" అని పెద్దగా నవ్వితిరి. "చక్కెర జబ్బుకు వాడతం సారూ. తీపి మీద మనసే పోతది" అని నేను మనవి చేసుకున్నాను.

2. సదరు తీగ వేరు దేనికని తమరు అడిగిరి. మాలో పాము మందు పేరు పైకి చెప్పరు. చెబితే దాని గుణం పోతుంది. మా నాయన పోయే ముందు నా చెవిలో చెప్పాడు. అయినను, తమరు నా పక్కన నేల మీద కూర్చుని, "నీ పేరు కూడా పుస్తకంలో వేస్తాం బయ్యన్నా" అన్నందున, పాముకాటుకు అని చెప్పితిని. తమరు వ్రాసుకున్నారు. కింద నేను సంతకం పెట్టాను.

3. శ్రావణంలో నా భార్య గురవమ్మ నూలగడ్డలు తవ్వుతుండగా రక్తపింజర కరిచినది. ఎడమ చేయి, బొటనవేలి పక్కన. సమయం ఉదయం సుమారు తొమ్మిది గంటలు. నేను వేరు నూరి తాగించితిని. మరునాడు ఉదయం మరణించినది. అప్పటికి వాపు భుజం దాకా ఉన్నది. ఇంతకు ముందు నా చేతి మందుతో ఏడుగురు బతికారు. వారి పేర్లు కోరినచో దాఖలు చేయగలను.

4. 108 బండి వాగు అవతలి గట్టు దాకా వచ్చి తిరిగి పోయిన విషయం ఈ అర్జీకి సంబంధించినది కాదు.

5. మట్టి చేసిన రోజు నా బావమరిది తోకల లింగయ్య అందరి ముందర నా అంగీ పట్టుకుని, "పేరెందుకు చెప్పినవ్ బావా? పుస్తకంల ఎక్కినంక మందుల ఏముంటది? మా అక్కను నీ సంతకం తిన్నది" అన్నాడు. ఆనాటి నుండి పెంటలో ఎవరూ నా దగ్గర మందు తీసుకోవడం లేదు. లింగయ్య నా గుడిసె ముందు నుండి నడవడం లేదు, చుట్టు తిరిగి పోతున్నాడు.

6. దినాల నాడు పెద్దలు నా నాలుక మీద తేనె పెట్టారు. గురవమ్మ తేనెపట్టు పిండి, వడకట్టి, సొరకాయ బుర్రలో దాచిన తేనె. తీపి తెలియలేదు. పొడపత్రి నమిలితే తీపి ఒక గంట పోతుంది, మళ్ళీ వస్తుంది. ఆ రోజు నేను ఆకు నమలలేదు. నేటికి నలభై రెండు రోజులు అయినది, రాలేదు. ఏడుపు కూడా రాలేదు. ఇది ఏ నంబరు కింద వ్రాయాలో తెలియక ఇక్కడ వ్రాశాను.

కావున తమరు దయతో 17వ నంబరు మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీసి, ఆ విషయం తోకల లింగయ్యకు వ్రాతమూలకంగా తెలియజేయవలసినదిగా ప్రార్థన. నా పేరు కూడా ఆ గీత కిందనే పోయినా నాకు అభ్యంతరం లేదు. చిత్తగించి గీత గీయవలెను.

తమ విధేయుడు,
కుడుముల బయ్యన్న

తా.క. సారూ, ఈ కాగితం కవరులో పెట్టి మళ్ళీ తీశాను. ఆ రోజు తమరికి అబద్ధం చెప్పాను. పొడపత్రి చక్కెరకే. పాము మందు వేరే తీగ. దాని పేరు ఇప్పటి దాకా నా నోరు దాటలేదు. గురవమ్మకు నూరి పోసింది ఆ తీగనే. గుణం పోయే పని నేనేమీ చేయలేదు. అయినా పనిచేయలేదు.

బండి వచ్చిందని విని, "పోదమా?" అని గురవమ్మ అడిగింది. "నేను లేనా?" అన్నాను. మళ్ళీ అడగలేదు.

ఈ చివరి ముక్క చింపి, పైది ఒక్కటే లింగయ్యకు చూపించండి. గీత మాత్రం గీయండి సారూ.