ఎడమ దిక్కు

నవంబర్ 4, మంగళవారం

ఆయన మళ్లీ దోమను కొట్టాడు. అన్నం కలుపుతూ కలుపుతూ, ఎడమ చెంప పక్కన గాలిలో చెయ్యి విసిరాడు. దోమ లేదు. నేను చూస్తూనే ఉన్నాను.

"ఏంది?" అన్నాను.

"దోమలు. ఫ్యాన్ జర జోరుగ పెట్టు."

ఫ్యాన్ జోరుగానే తిరుగుతోంది.

నవంబర్ 6, గురువారం

కారు ఎడమ వైపు అద్దం విరిగింది. మా గేటుకే తగిలి. ఎన్నేళ్ల నుంచో ఈ గేటులోంచే తీస్తాడు, ఈ గేటులోకే తెస్తాడు. ఎండ కళ్లలో పడ్డదంటాడు... పొద్దున ఆ వైపు ఎండే ఉండదు.

శ్రీజ కాలేజీ బ్యాగు భుజాన వేసుకుంటూ నా వైపు చూసింది. విరిగిన అద్దం ముక్కలను కాలితో పక్కకు నెట్టి వెళ్లిపోయింది. బిడ్డకూ తెలుస్తోందన్నమాట.

నవంబర్ 8, శనివారం

క్యాబ్ ట్రిప్పు మెసేజ్‌లు నన్ను చదవమంటున్నాడు. చేతులు తడిగా ఉన్నాయంటాడు. పొడిగానే ఉన్నాయి.

నవంబర్ 9, ఆదివారం

యాదమ్మ వచ్చింది. ఆశా పని మీద ఇల్లిల్లూ తిరిగి తిరిగి మనిషి వడలిపోయింది. వచ్చే ఆదివారం మా అంగన్‌వాడీలో కళ్ల క్యాంపు. షుగర్ ఉన్నవాళ్లందరినీ రప్పించాలి.

"కండ్లు మంచిగనే ఉన్నయి, మేమెందుకు అంటున్రు. టీచరమ్మా, నువ్వు చెప్తే ఇంటరు."

చెప్తానన్నాను. ఆయన సంగతి మాత్రం ఎత్తలేదు. శ్రీజ ఏడో తరగతిలో ఉన్నప్పటి నుంచి ఆయనకు షుగర్. మాత్ర వేసుకుంటే స్టీరింగ్ ముందు కళ్లు తిరుగుతాయని డ్యూటీ ఉన్నరోజు మానేస్తాడు. డ్యూటీ లేని రోజేది? కళ్లు కూడా చూపించుకోవాలని మాకెవరూ చెప్పలేదు.

నవంబర్ 11, మంగళవారం

పిల్లలు ఇళ్లకు పోయాక వీధుల్లో తిరిగాను.

"నేను దవాఖానల కూసుంటే బర్రెను ఎవరు జూస్తరు?" అంది ఒకామె. పెంటయ్య తాత గోదాములో కాపలా ఉంటాడు. నా గొంతు వినేదాకా నేనెవరో తెలియలేదు ఆయనకు. "ముసల్తనం బిడ్డా. కండ్లు పోక ఏం పోతయి?" అని నవ్వాడు.

అత్తమ్మ గురించీ ఇదే మాట అన్నాం అందరం. చివరి రెండేళ్లు గోడ పట్టుకుని నడిచింది. వయసు మీద పడ్డదని ఊరుకున్నాం. అత్తమ్మకూ షుగరే...



నవంబర్ 13, గురువారం

అడిగేశాను. ఆదివారం క్యాంపుకు వస్తవా అని.

"ఆదివారమే గిరాకి."

"ఒక్క గంట."

"నాకేమైంది? అంగన్‌వాడి పోరగాండ్లకు చెప్పినట్టు చెప్పకు."

వెళ్లిపోయాడు. కారు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. మా అంగన్‌వాడీ పిల్లలు ఆ సందులోంచే వస్తారు, గోడ పక్కనే, ఎడమ వైపు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని.

నవంబర్ 16, ఆదివారం

వచ్చాడు. నీళ్ల క్యాన్లు కారులో తెచ్చిపెట్టమని నేనే ఫోన్ చేశాను. దించి వెళ్లిపోబోతుంటే యాదమ్మ దారికి అడ్డం నిలబడింది. "ఊరంతా వచ్చింది. నువ్వు రాకపోతే టీచరమ్మ ఇజ్జత్ ఏంగాను? జర కూసో నర్సింహన్నా."

కూర్చున్నాడు. కుడి కంటితో చివరి వరుస దాకా గడగడా చదివాడు. నా గుండె కాస్త తేలికైంది. తర్వాత డాక్టరమ్మ కుడి కన్ను మూయించింది. కోస్తా వైపు పిల్ల, నెమ్మదిగా మాట్లాడుతుంది.

"ఇప్పుడు పై వరుస చదవండి."

ఆయన మెడ ముందుకు చాచాడు. కాసేపటికి అడిగాడు - "లైటు బంద్ చేసిన్రా మేడం?"

లైటు వెలుగుతూనే ఉంది.

కంటి లోపలి ఫొటో తీశారు. వెనక పొరలో రక్తనాళాలు పాడయ్యాయట. ఎడమ కంట్లో రక్తం కారిందట. కుడి కంట్లోనూ మొదలైందట.

"నొప్పి లేదు గద మేడం."

"నొప్పి ఉండదండీ. అందుకే ఎవరూ రారు. ఇంట్లో ఇంకెవరికైనా షుగర్ ఉందా?"

"మా అమ్మకుండె."

"ఆవిడకి చూపు బాగానే ఉండేదా?"

ఆయన నా వైపు తిరిగాడు. నేనే చెప్పాను.

ఈ వారంలోనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. అప్పటిదాకా బండి ముట్టుకోవద్దు. దయచేసి అని కూడా అంది ఆ పిల్ల.

పెంటయ్య తాతవి శుక్లాలట. ఆపరేషన్ చేస్తే కనబడుతుందట. తాత ఎవరి మాటా నమ్మక మళ్లీ మళ్లీ అడిగాడు. ఎంతమంది వచ్చారో... చాలామంది కళ్లను ఎవరైనా చూడడం ఇవాళే మొదటిసారి.

నవంబర్ 17, సోమవారం

కారు తాళంచెవి బియ్యం డబ్బాలో దాచాను. ఆయన దగ్గర ఇంకొకటి ఉందని తట్టలేదు. నేను స్నానం చేసి వచ్చేసరికి వాకిట్లో కారు లేదు.

రోజంతా ఫోన్ చేతిలోనే. పిల్లలకు పప్పు వడ్డిస్తున్నా రోడ్డు మీద హారన్ మోగితే గరిటె ఆగిపోతోంది.

సాయంత్రం ఏమీ జరగనట్టు వచ్చాడు. "జూసినవా? మంచిగనే నడిపిన."

నవంబర్ 18, మంగళవారం

మాటల్లేవు ఇంట్లో. ఈ రోజు కూడా పోయాడు.

నవంబర్ 19, బుధవారం

మధ్యాహ్నం ఫోన్. "సునీతా, జర వస్తవా?"

పెళ్లయినప్పటి నుంచి అలా అడిగిన మనిషి కాదు.

"ఏడున్నవ్?"

"పహాడీ షరీఫ్ రోడ్డు. బండి పక్కకు పెట్టిన."

"ఎవరికేమైంది?"

"ఎవరికేం కాలే. నువ్వు రా."

ఆయాకు పిల్లలను అప్పగించి ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఎవరికేం కాలే, ఎవరికేం కాలే అనుకుంటూనే ఉన్నాను.

కారుకు తాళం వేసి రోడ్డు పక్క బండరాయి మీద కూర్చుని ఉన్నాడు. దర్గాకు పోయే ఒకామె, చేతిలో పూలబుట్టతో ఎడమ వైపు నుంచి రోడ్డు దాటిందట.

"బానెట్ మీద చెయ్యితోని కొట్టింది. గప్పుడు ఎరుకైంది నాకు, మనిషి ఉన్నదని. గుడ్డోనివా అన్నది." కాలి దగ్గరి రాయి ఒకటి దూరంగా తోశాడు. "నాకు కోపం రాలే, సునీతా."

ఎక్కినాయన దిగి వేరే బండి చూసుకుని పోయాడట. తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఎడమ పక్కనున్న నా చెయ్యి ఎక్కడుందో రెండో చేత్తో వెతికి మరీ పెట్టాడు.

మా తమ్ముడిని పిలిస్తే వచ్చి బండి ఇంటికి తెచ్చాడు. ఆయన వెనక సీటులో, నా పక్కన. దారిలో గుంత వచ్చినప్పుడల్లా కుడికాలు బ్రేకు తొక్కుతున్నట్టు కదిలింది.

నవంబర్ 21, శుక్రవారం

పెద్దాసుపత్రి. కళ్లలో చుక్కలు వేసి బల్లల మీద కూర్చోబెట్టారు. బల్లల నిండా మనలాంటి వాళ్లే. మైలార్‌దేవ్‌పల్లి దర్జీ ఒకాయన సూదిలో దారం ఎక్కడంలేదని వచ్చాడు. "కండ్లద్దాలు మారిస్తే అయిపోతదనుకున్న అక్కా," అన్నాడు.

కుడి కంటికి ఇవాళే లేజర్ చేశారు. ఉన్న చూపును కాపాడడానికట. ఎడమ కంట్లో రక్తం దానంతటదే కరుగుతుందేమో కొన్నాళ్లు చూస్తారు. లేకపోతే ఆపరేషన్. చేసినా చూపు ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

బయటికొచ్చాక నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఎండకే పట్టుకున్నానన్నాడు. సరే అన్నాను.

నవంబర్ 24, సోమవారం

వేళకు మాత్ర వేసుకుంటున్నాడు. నేను అడగకముందే. అదీ భయంగానే ఉంది.

శ్రీజ జడ అల్లుకుంటూ అంది - "నానమ్మకుండె, బాపుకున్నది. ఇగ నాకెప్పుడు?" నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. రేపు షుగర్ పరీక్షకు యాదమ్మ దగ్గరికి తీసుకుపోవాలి.

నవంబర్ 25, మంగళవారం

శ్రీజకు ఇప్పటికైతే ఏమీ లేదు. ఏటేటా చూపించమంది యాదమ్మ. ఇప్పటికైతే... ఆ మాటే పట్టుకుని తిరుగుతున్నాను.

నవంబర్ 28, శుక్రవారం

బాలాపూర్ నుంచి బావగారి ఫోన్. ఆయనకూ షుగరే.

"అన్నా, కండ్లు జూపిచ్చుకో," అన్నాడు ఈయన.

అటు నుంచి గొంతు నాకూ వినబడింది. "నాకు మంచిగనే కనవడుతున్నయిరా."

"నాక్కూడ మంచిగనే కనవడ్డయి అన్నా."

చూపించుకుంటానని గానీ, చూపించుకోనని గానీ అనకుండా బావగారు ఫోన్ పెట్టేశాడు.

డిసెంబర్ 2, మంగళవారం

వచ్చే మంగళవారం మళ్లీ ఆసుపత్రికి. ఆపరేషనో కాదో అప్పుడు చెప్తారు.

టీ తాగి వాకిట్లో కూర్చున్నాడు. ఉన్నట్టుండి పిలిచాడు. "ఇటు రా. ఎదురుంగ నిలవడు."

నిలబడ్డాను. కుడి కన్ను అరచేత్తో మూసుకున్నాడు. చాలాసేపు అలాగే...

"కనవడుతున్నవు," అన్నాడు. "జర పొగలెక్క ఉన్నది గని, కనవడుతున్నవు."

"ఏం రంగు చీర?"

"పచ్చది."

పచ్చదే. కానీ పొద్దున దండెం మీది నుంచి ఈ చీర తీసి నా చేతికిచ్చింది ఆయనే.