ల్యాప్‌టాప్‌కి దొరికిన సెలవు

ఆఫీసరు గారికి,

మీ దగ్గర పనిచేసే అమ్మాయికి మామగారిని. ముప్పై ఏళ్లు లారీ తోలిన చెయ్యి, రాత ఇంతే, సర్దుకోండి.

ఇంటి నుంచి పనికని మీరిచ్చిన ల్యాప్‌టాప్ రోజుల తరబడి వేడిమీదే నడిస్తే దాని ఆయుష్షు తగ్గుతుందనీ, కాలిపోతుంటే ఆపేయమనీ కాగితం పంపారు. నిజమే. ఇంజన్ వేడెక్కితే నేనూ లారీ పక్కకు తీసి ఆపేవాణ్ణి.

మా కోడలికి మూడు రోజులుగా జ్వరం. సెలవడిగితే "ముందు పని కానివ్వమ్మా, తర్వాత చూద్దాం" అన్నారట. మనిషి కాలిపోతుంటే ఏం చేయాలో మీ కాగితంలో కూడబలుక్కుంటూ రెండుసార్లు వెతికాను. కనబడలేదు.

అందుకని మీ మాట ప్రకారమే ల్యాప్‌టాప్ ఆపి కిటికీ దగ్గర పెట్టాను. కోడలు పడుకుంది. ఇద్దరికీ వేడి దిగాకే పని.

తొందరైతే ఫోన్ చేయండి. నేనే ఎత్తుతాను.

ఇట్లు,
అమ్మాయి మామగారు